కిడ్నీ జబ్బున్న ముసలి పిల్లికి ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

మా పిల్లి చుక్కికి పద్నాలుగో ఏట రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 3.1 వచ్చింది. రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రమే నేను కిడ్నీ తిండి ప్యాకెట్ కొనుక్కొచ్చాను. ఇంట్లో ఉన్న పాత తిండంతా ఎదురింటి పిల్లికి ఇచ్చేసి, గిన్నెలో కొత్త గింజలు (పొడి తిండి) పోశాను. అది ఒకసారి వాసన చూసి, పెదాలు నాక్కుని, మంచం కిందికి వెళ్లిపోయింది. రెండు రోజులు ఏమీ ముట్టలేదు. మూడో రోజు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు దానికి పదహారు దాటాయి. ఆ ప్యాకెట్ వాసన తగిలితే ఇవాళ్టికీ ముఖం తిప్పుకుంటుంది.

అప్పుడు నేను తలకిందులుగా మొదలుపెట్టాను. చాలామంది చేసేదీ అదే: జబ్బు తెలిసిన రోజే చికెన్ ఆపేస్తారు, బలవంతంగా కొత్త తిండి పెడతారు. నిజానికి పాటించాల్సిన వరస ఇది. మొదట పిల్లి కడుపు నిండా తినాలి. తర్వాత దాని ఒంట్లోకి నీళ్లు చేరాలి. ఆ తర్వాత, కిడ్నీలు పాడైతే రక్తంలో పేరుకునే ఫాస్ఫరస్ తగ్గించాలి. ప్రొటీన్ సంగతి చిట్టచివర. ఈ కింద రాసిందంతా ఆ వరసను పట్టుకునే నడుస్తుంది. మందుల మోతాదులు మాత్రం మీ పిల్లిని చేత్తో పట్టుకుని చూసిన డాక్టరే చెప్పాలి.

అడుగు 1: రిపోర్టు అర్థం చేసుకోండి

పిల్లి రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి కిడ్నీల పని సుమారు ముప్పావు వంతు పోయి ఉంటుంది. అందుకే ముందు తెలిసేది రక్తంలో కాదు, లిట్టర్ బాక్స్‌లో. మట్టిలో మూత్రం ముద్దలు పెద్దవవుతాయి, నీళ్ల గిన్నె త్వరగా ఖాళీ అవుతుంది, వీపు మీద ఎముక చేతికి తగులుతుంది. మా ఇంట్లో ఇవన్నీ కనిపించాయి. ఎండాకాలం కదా, అందుకే తాగుతోందిలే అనుకున్నాం.

డాక్టర్లు ఐరిస్ (పశువైద్యుల అంతర్జాతీయ కిడ్నీ బృందం) పద్ధతిలో జబ్బును నాలుగు దశలుగా చూస్తారు. క్రియాటినిన్ 1.6 కంటే తక్కువ ఉండి వేరే ఆధారాలతో కిడ్నీ జబ్బని తేలితే మొదటి దశ. 1.6 నుంచి 2.8 వరకు రెండోది, 2.9 నుంచి 5.0 వరకు మూడోది, 5.0 దాటితే నాలుగోది. ఒక్క రిపోర్టు చూసి దశ తేల్చరు. ఒంట్లో నీళ్లు తగ్గిన రోజున క్రియాటినిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే సెలైన్‌తో కోలుకున్నాక మళ్లీ తీయించమంటారు. క్రియాటినిన్‌తో పాటు ఎస్‌డీఎమ్ఏ (కిడ్నీల పని చెప్పే ఇంకో రక్త పరీక్ష) చేసే ల్యాబ్ దొరికితే మంచిది, ఎందుకంటే కండ కరిగిపోయిన ముసలి పిల్లిలో క్రియాటినిన్ తక్కువగా కనిపించి మోసం చేస్తుంది.

ఇవి కాక అడిగి తీసుకోవాల్సినవి: ఫాస్ఫరస్, పొటాషియం, కాల్షియం, హిమోగ్లోబిన్, బీపీ, మూత్రం చిక్కదనం, మూత్రంలో ప్రొటీన్. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రం చిక్కదనం మామూలుగా 1.035 పైన ఉంటుంది. తిండి విషయంలో మనకు అన్నిటికంటే పనికొచ్చే అంకె ఫాస్ఫరస్. రెండో దశలో 4.6 లోపు, మూడో దశలో 5 లోపు, నాలుగో దశలో 6 లోపు ఉంచాలన్నది గురి. చుక్కికి మొదటిసారి 6.4 ఉంది.

మీ ఊళ్లో కుక్కలూ గేదెలూ చూసే డాక్టరే ఉంటే కంగారు పడకండి, ఒకసారి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి వెళ్లి రండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిలో కాలేజీలున్నాయి. అక్కడ ఒకసారి దశ తేల్చుకుంటే, తర్వాత పరీక్షలూ సెలైనూ దగ్గర్లోని డాక్టర్‌తోనే నడుస్తాయి.

అడుగు 2: ముందు వికారం తగ్గించండి

నేను దెబ్బతిన్నది ఇక్కడే. పిల్లికి కడుపులో తిప్పుతున్నప్పుడు ఏ కొత్త తిండి పెట్టినా, ఈ తిండి వల్లే నాకిలా ఉంది అని అది గుర్తు పెట్టేసుకుంటుంది. ఆ తర్వాత ఆ తిండిని ఎంత బతిమాలినా ముట్టదు. అందుకే ఆస్పత్రిలో ఉండగా, వాంతులవుతుండగా, నీరసంగా ఉండగా కిడ్నీ తిండి మొదలుపెట్టకూడదు. అప్పుడు దానికి ఇష్టమైన పాత తిండే పెట్టండి.

వికారం ఉందని వాంతి ఒక్కటే చెప్పదు. గిన్నె దాకా ఆశగా వచ్చి, వాసన చూసి వెనక్కి తిరగడం, ఊరికే పెదాలు నాకడం, చొంగ కారడం, పళ్లు కొరకడం, తిండి పక్కన నేలను కప్పెడుతున్నట్టు గోకడం కూడా అవే గుర్తులు. మనం దాన్ని వేషాలు అనుకుంటాం. మరోపిటాంట్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి వికారం మందులు, మిర్టాజపైన్ లాంటి ఆకలి మందు డాక్టర్లు ఇస్తారు. కిడ్నీ జబ్బున్న పిల్లికి మిర్టాజపైన్ రోజు విడిచి రోజు ఇవ్వడం మామూలు. మోతాదు ఎక్కువైతే పిల్లి రాత్రంతా అరుస్తూ తిరుగుతుంది. నోట్లో పుళ్లు, పళ్ల నొప్పి ఉన్నాయేమో కూడా చూపించండి. ఆకలి ఉండి తినలేకపోవడం ముసలి పిల్లుల్లో చాలా ఎక్కువ.

అడుగు 3: రోజుకు ఎంత తినాలో లెక్క వేయండి

ముసలి పిల్లికి కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 కిలోకాలరీలు కావాలి. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 240. గింజల తిండిలో గ్రాముకు దాదాపు 4 కిలోకాలరీలు ఉంటాయి కాబట్టి 50 గ్రాములు పెడితే 200 వస్తాయి. పౌచ్‌లో వచ్చే తడి తిండిలో ఎంతో దాని మీదే చూసుకోవాలి, బ్రాండును బట్టి బాగా మారుతుంది. బక్కచిక్కిన పిల్లికి ఇప్పుడున్న బరువుకు కాకుండా ఉండాల్సిన బరువుకు లెక్క వేయండి.

పెట్టిందెంత, మిగిలిందెంత అనేది కంటితో కాకుండా గ్రాముల్లో రాయండి. వంటింటి డిజిటల్ కాటా చాలు. పిల్లి బరువు వారానికోసారి. దాన్ని ఎత్తుకుని మనుషుల మిషను ఎక్కితే వంద గ్రాముల తేడా తెలియదు. సూట్‌కేసులు తూచే వేలాడే కాటాకు బట్ట సంచీ తగిలించి, పిల్లిని అందులో కూచోబెట్టి తూచండి. మా చుక్కి మొదట్లో గోల చేసింది, ఇప్పుడు సంచీ చూస్తే తనే దూరుతుంది. నాలుగు కిలోల పిల్లికి 200 గ్రాములు తగ్గడమంటే మనిషి మూడు కిలోలు తగ్గినట్టు. అప్పుడు డాక్టర్‌కి చెప్పాల్సిందే.

అడుగు 4: నీళ్లు

ఇందులో ఒక లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది. 200 కిలోకాలరీల కోసం 50 గ్రాముల గింజలు తిన్న పిల్లికి ఆ తిండి నుంచి వచ్చే నీళ్లు ఐదు మిల్లీలీటర్లు మించవు. అవే కాలరీలు తడి తిండి నుంచి తింటే సుమారు 160 మిల్లీలీటర్లు తిండితోనే కడుపులోకి పోతాయి. పాడైన కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు, నీళ్లన్నీ వదిలేస్తుంది. పిల్లి తాగి తాగి కూడా ఆ లోటు పూడ్చుకోలేదు. కాబట్టి తడి తిండి తినే పిల్లి అయితే అదృష్టం. గింజలే తింటానని మొండికేస్తే వదిలేయండి, దానికోసం పస్తులు పెట్టకండి. గింజల మీద గోరువెచ్చటి నీళ్లు ఒక చెంచా పోయండి. అలవాటైతే రెండు చెంచాలు.

నీళ్ల గిన్నె తిండి పక్కన, లిట్టర్ పక్కన పెట్టకండి. మీసాలు తగలని వెడల్పు గిన్నెలు ఇంట్లో మూడు నాలుగు చోట్ల పెట్టండి. మా బెజవాడ ఎండల్లో స్టీలు గిన్నెలో నీళ్లు మధ్యాహ్నానికి కాగుతాయి. మట్టి మూకుడులో పోసిన రోజు నుంచి చుక్కి తాగడం పెరిగింది. రోజూ రుద్ది కడగాలి, లేకపోతే పాచి పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తడి తిండి గిన్నెలో అరగంట, ముప్పావు గంట దాటనివ్వకండి. కొంచెం కొంచెంగా రోజుకు ఐదారు సార్లు పెట్టడమే మేలు. మిగతాది మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, పెట్టే ముందు వేడినీళ్ల గిన్నెలో ఆ పౌచ్‌ను ముంచి గోరువెచ్చగా చేయండి. వాసన లేస్తుంది, ముసలి ముక్కుకి అది కావాలి.

మూడో దశ నుంచి చాలా పిల్లులకు చర్మం కింద సెలైన్ అవసరం పడుతుంది. డాక్టర్ ఒకసారి చూపిస్తే ఇంట్లోనే ఎక్కించవచ్చు. మేం కిటికీ చువ్వకు సీసా తగిలిస్తాం. ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని రోజులకోసారి అనేది డాక్టరే చెప్పాలి, ఎందుకంటే గుండె జబ్బు కూడా ఉన్న పిల్లికి ఎక్కువ సెలైన్ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

అడుగు 5: తిండి ఎంచుకోండి

కిడ్నీ తిండి నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు రెండు పరిశీలనలు చెబుతాను. 2000లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 50 పిల్లుల గురించి ప్రచురించారు. కిడ్నీ తిండి తిన్నవి 633 రోజులు, తిననివి 264 రోజులు బతికాయి. అయితే తిననివాటిలో ఆ తిండిని కాదన్నవీ, యజమానులు సరిగా పెట్టనివీ ఉన్నాయి కాబట్టి ఆ తేడా అంతా తిండిదే అనలేం. 2006లో అమెరికాలోని మిన్నెసోటాలో 45 పిల్లుల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి రెండేళ్ల దాకా చూశారు. మామూలు తిండి గుంపులో 26 శాతం పిల్లులకు రక్తంలో విషాలు పేరుకుని ప్రాణం మీదికొచ్చింది. కిడ్నీ తిండి గుంపులో ఒక్కదానికీ రాలేదు. నాకు నమ్మకం కలిగించింది ఈ రెండోది.

ఇందులో ఎక్కువ మేలు చేసేది ఫాస్ఫరస్ తగ్గడమే. ప్రొటీన్‌ను మరీ కోసేస్తే పిల్లి తన కండనే కరిగించుకుంటుంది. అది పుట్టుకతో మాంసాహారి, మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. అందుకని కిడ్నీ జబ్బు ఉంది కదా అని అన్నం, కూరగాయల మీద పెంచడం కుదరదు. మాంసం గుమ్మం దాటని ఇళ్లలో పిల్లిని పెంచేవాళ్లకు పౌచ్ తిండి ఒక దారి. చించడం, పెట్టడం, కవర్ పారేయడం, అంతే.

మన దగ్గర రాయల్ కానిన్ రీనల్, హిల్స్ కె/డి, ఫార్మినా వెట్ లైఫ్ రీనల్ దొరుకుతాయి. ఏది మంచిది అంటే, మీ పిల్లి తినేదే మంచిది. ఒక్కో రకం చిన్న ప్యాకెట్టే కొనండి. పెద్ద బస్తా మీద డిస్కౌంట్ చూసి మోసపోకండి, మూడో రోజు నుంచి అది ముట్టకపోవచ్చు.

మొదటి దశలో, ఫాస్ఫరస్ బాగానే ఉన్న రెండో దశ తొలినాళ్లలో, పూర్తి కిడ్నీ తిండి తొందరపడి పెట్టక్కర్లేదు. కొన్ని పిల్లుల్లో ఫాస్ఫరస్‌ను మరీ తగ్గిస్తే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. అలాంటప్పుడు డాక్టర్లు ఫాస్ఫరస్ ఓ మోస్తరుగా ఉన్న తిండి చెబుతారు. ఇక్కడ లేబుల్ చదవడం రావాలి, అందులో ఒక కిటుకు ఉంది. పౌచ్ మీద ప్రొటీన్ 8 శాతం, గింజల ప్యాకెట్ మీద 30 శాతం అని చూసి పౌచ్‌లో తక్కువనుకుంటాం. పౌచ్‌లో 80 శాతం నీళ్లే. మిగిలిన 20లో 8 అంటే 40 శాతం! గింజల్లో తేమ 10 తీసేస్తే 90లో 30, అంటే 33 శాతం. ఫాస్ఫరస్‌ను కూడా ఇలాగే నీళ్లు తీసేసి పోల్చాలి. పౌచ్ మీద 0.2 శాతం అని ఉంటే అసలు లెక్కలో అది 1 శాతం, కిడ్నీ పిల్లికి ఎక్కువే. కిడ్నీ తిండుల్లో ఇది సాధారణంగా 0.6 లోపు ఉంటుంది. ప్యాకెట్ మీద ఫాస్ఫరస్ రాయకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి.

అడుగు 6: మెల్లగా మార్చండి

వారంలో మార్చమని ప్యాకెట్ మీద ఉంటుంది. అది పడుచు పిల్లులకి. ముసలిదానికి కనీసం మూడు నాలుగు వారాలు, మొండిదైతే రెండు నెలలు పెట్టుకోండి.

మొదటి వారం పాత తిండి పాత గిన్నెలోనే ఉంచి, కొత్తది పక్కన ఇంకో గిన్నెలో ఒక చెంచా పెట్టండి. తినకపోయినా ఫర్వాలేదు, వాసన అలవాటు కావాలి. తర్వాత పాతదానిలో పదో వంతు కొత్తది. మూడు నాలుగు రోజులకోసారి కొంచెం పెంచుతూ పోండి. ఏ రోజైనా మామూలుగా తినేదానిలో ముప్పావు కంటే తక్కువ తింటే ఒక మెట్టు వెనక్కి దిగండి. మందులు ఈ తిండిలో కలపకండి, చేదు తగిలిందంటే ఇన్ని వారాల కష్టం పోతుంది. సగానికి వచ్చి అక్కడే ఆగిపోయినా అది ఓటమి కాదు. చుక్కి ఇప్పటికీ మూడు వంతులు వేరే రకం కిడ్నీ తిండి, ఒక వంతు పాతది తింటుంది. ఫాస్ఫరస్ 4.7కి వచ్చింది.

ఇంట్లో వేరే పిల్లులుంటే గదులు వేరు చేసి పెట్టండి. పెద్ద పిల్లి ఎప్పుడైనా కిడ్నీ తిండి ఎంగిలి పడితే కొంప మునగదు. ఎదిగే కూనలకు మాత్రం అది చాలదు.

అడుగు 7: ఇంట్లో తిండి, అమ్మ పెట్టే తిండి

మా ఇంట్లో అసలు యుద్ధం ఇక్కడ జరిగింది. "నోరులేని జీవం, ఇన్ని పాలు కూడా పోయొద్దంటావేంటే?" అని అమ్మ. పాలల్లో, పెరుగులో ఫాస్ఫరస్ ఉంటుంది, పైగా పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పెరుగన్నంతో కడుపు నిండిపోతే అసలు తిండికి చోటుండదు. ఎండు చేపలు, మెత్తళ్లు ముల్లుతో సహా తింటుంది కాబట్టి ఎముకలోని ఫాస్ఫరస్ అంతా లోపలికి పోతుంది, ఉప్పు అదనం. కార్జం కూడా అంతే. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు కిడ్నీ జబ్బు లేని పిల్లికి కూడా విషమే, రక్తకణాల్ని విరగ్గొడతాయి.

అమ్మతో చివరికి రాజీ కుదిరింది గుడ్డు తెల్లసొన మీద. ఒక గుడ్డు పచ్చసొనలో 60 మిల్లీగ్రాములకు పైగా ఫాస్ఫరస్ ఉంటే, తెల్లసొనలో 5 దగ్గర్లో ఉంటుంది, మంచి ప్రొటీన్ కూడా. బాగా ఉడికించి, చిదిమి, చెంచాడు ఆవిడ చేత్తో పెడుతుంది. చికెన్ పెట్టాలంటే ఎముక, చర్మం తీసేసి, చిన్న ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. ఫాస్ఫరస్ కొంత ఆ నీళ్లలోకి దిగుతుంది. సూప్ బలం అని ఆ నీళ్లే పోస్తుంటారు చాలామంది! రోజు మొత్తం కాలరీల్లో ఇలాంటివి పదో వంతు మించకూడదు. పూర్తిగా ఇంటి వంట మీదే పెంచాలనుకుంటే పశు పోషకాహార నిపుణులతో కొలతలు రాయించుకోవాలి. కాల్షియం, టారిన్, విటమిన్లు కలపని చికెన్-అన్నం నాలుగు రోజుల గండం గడవడానికే.

ట్యూబుల్లో వచ్చే నాకే ట్రీట్లు మాత్ర మింగించడానికి దాచుకోండి. చాలావాటిలో ఫాస్ఫేట్ లవణాలు కలుపుతారు, అవి మాంసంలో ఉన్న ఫాస్ఫరస్ కంటే తేలిగ్గా రక్తంలోకి ఎక్కుతాయి.

అడుగు 8: తిండితో కలిపేవి

నాలుగు నుంచి ఎనిమిది వారాలు కిడ్నీ తిండి తిన్నాక కూడా ఫాస్ఫరస్ దిగకపోతే బైండర్ ఇస్తారు. అది తిండిలోని ఫాస్ఫరస్‌ను కడుపులోనే పట్టేసుకుంటుంది, కాబట్టి తిండితో పాటు ఇస్తేనే ఫలితం. ఖాళీ కడుపున ఇస్తే దండగ. బైండర్‌గా వాడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉంది కదా అని మనం తాగే గ్యాస్ సిరప్ పోయకండి, వాటిలో చాలావాటిలో మెగ్నీషియం, పుదీనా రుచి కూడా ఉంటాయి. పిల్లి తల ఎత్తలేక గడ్డం ఛాతీకి ఆనించి నడుస్తుంటే పొటాషియం పడిపోయిందేమో చూపించండి. మనుషుల కిడ్నీ టానిక్కులు, ఆకు పసర్లు వద్దు. జ్వరానికని పారాసెటమాల్ ఒక్క మాత్ర వేసినా పిల్లి ప్రాణం పోతుంది.

పూల సంగతి ఒకటి. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల ఆసియాటిక్, స్టార్‌గేజర్ లిల్లీలు పిల్లి కిడ్నీలను రోజుల్లో పాడు చేస్తాయి, పుప్పొడి నాకినా చాలు. మనం దండల్లో కట్టే లిల్లీ, అంటే నేలసంపెంగ, వేరే జాతి.

అడుగు 9: అసలు తిననప్పుడు

పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని, కిడ్నీ జబ్బు మీద ఇంకో జబ్బు వస్తుంది. అందుకని 24 గంటలు ఏమీ ముట్టకపోతే ఫోన్ చేయాల్సిందే. అప్పుడు నియమాలన్నీ పక్కన పెట్టి ఏది తింటే అది పెట్టండి, ఎండు చేపైనా సరే. బలవంతంగా సిరంజితో నోట్లో కొట్టకండి, తిండి మీద విరక్తి పుడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. మెడ దగ్గర ఫీడింగ్ ట్యూబ్ వేస్తామంటే మనకు గుండె ఆగినంత పనవుతుంది గానీ, తిండీ నీళ్లూ మందులూ దానితోనే వెళ్లిపోతాయి, పిల్లికి రోజూ జరిగే పెనుగులాట తప్పుతుంది. నాలుగో దశలో, కోలుకునే ఆశ లేదని డాక్టర్ చెప్పాక, ట్యూబ్ వేయించాలా, ఇష్టమైంది పెట్టి హాయిగా ఉంచాలా అనేది ఇంటిల్లిపాదీ కూచుని మాట్లాడుకోవాల్సిన విషయం.

అడుగు 10: ఊరెళ్లేటప్పుడు

సంక్రాంతికి ఊరెళ్తే చుక్కిని పక్కింటి ఆంటీకి అప్పజెప్పి, ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి వెళ్తాను. అందులో ఉండేవి: ఏ పూట ఏది ఎన్ని గ్రాములు, బైండర్ ఏ గిన్నెలో కలపాలి, నీళ్ల మూకుళ్లు ఎక్కడెక్కడ, పాలు ఎందుకు పోయకూడదో ఒక్క ముక్కలో, మొన్న ఆదివారం తూచిన బరువు, చివరి రిపోర్టు ఫోటో. అడుగున ఎర్ర పెన్నుతో: రోజంతా తినకపోయినా, రెండుసార్లకు మించి వాంతి చేసుకున్నా, మూత్రం పోయకపోయినా, ఉన్నట్టుండి కళ్లు కనపడనట్టు గోడలకు తగులుకుంటున్నా, ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి ఆంటీ, ఆ తర్వాత నాకు.